గదవ దాకా

పోయిన వారం మా ఆఫీసుకు ఒక ముసాయిదా వచ్చింది. వరదల మీద సర్వే చేసేవాళ్లు ఏం చూడాలో, ఏం నమ్మాలో చెప్పే మార్గదర్శకాలు. అచ్చుకు పోయేముందు తప్పులు చూడమని నా చేతికిచ్చారు. కామాలు, కొలతల గుర్తులు, పటాల కింద పేర్లు, పేజీ అంకెలు చూడటంలో నాకు కొంత పేరుంది. నాలుగో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నివాసులు తమ ఇంటి గోడల మీద గీసుకునే నీటి గుర్తులు సహాయం ఆశించి పెంచి చూపినవి కావచ్చనీ, వేరే ఆధారం లేకుండా వాటిని లెక్కలోకి తీసుకోరాదనీ దాని అర్థం. వాక్యం చివర చిన్న అంకె ఉంది. ఆ అంకె పట్టుకుని కిందికి పోతే మా నివేదిక పేరుంది.

వాక్యంలో తప్పేమీ లేదు. కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది. అందులో పేరు లేకుండా ఉన్న మనిషిని మాత్రం నేనెరుగుదును. ఆమెను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆమె పోయి ఆరు నెలలు కావస్తోంది.

సొంత మేనత్త కాదు. సూరత్‌లో మగ్గాల మీదికి తెలంగాణ నుంచి వచ్చిన మా వాళ్లందరూ ఒకరికొకరు ఏదో ఒకటవుతారు. మా నాన్నా, ఆమె పెనిమిటీ ఒకప్పుడు ఒకే ఖాతాలో, అంటే ఒకే మగ్గాల షెడ్డులో, పక్కపక్కన నిలబడి పనిచేశారట. ఆ చుట్టరికం చాలు. మేము లింబాయత్‌లో మెరక వైపు ఉండేవాళ్లం. వాళ్లది ఖాడి పక్క గల్లీ. ఖాడి అంటే ఊళ్లోంచి పోయే పెద్ద వాగు. వానాకాలం మా వైపు చెప్పులు తడిసేవి, వాళ్ల వైపు మంచాలు తేలేవి. ఈ తేడా తప్ప ఆ గల్లీ గురించి నాకు చిన్నప్పుడు ఏమీ తెలియదు.

ఆమె రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల కొట్టున్న సేఠ్ పంపే చీరలకు రాళ్లు అంటించేది. షేర్ ఆటోలో మూటలు దిగేవి. పగలంతా గడప పక్కన కూర్చుని బంకబొట్టు, రాయి, బంకబొట్టు, రాయి. ఆమె వేళ్ల చివర్లకు ఎండిన బంక ఎప్పుడూ పొరలుగా ఉండేది. మాట్లాడుతున్నంత సేపూ ఆ పొరలు ఒలిచి పారేసేది. ఆమెతో కాసేపు మాట్లాడి లేస్తే మన ప్యాంటు మీద నాలుగైదు పారదర్శకమైన పొలుసులు ఉండేవి. ఇంటికొచ్చాక చూసుకునేవాణ్ణి.

కొలతలన్నీ ఒంటితోనే. బియ్యం పిడికిలితో, చీర చేతిబారతో, దూరం ఊపిరితో. "రెండుసార్లు ఆగితె వస్తది" అనేది బస్టాండు గురించి. నా చేతిలోని టేపు చూస్తే ఆమెకు నవ్వు. "నీ ఒళ్లు నీకాడ ఉండంగ గదేంది బిడ్డా, పట్టీ పట్టుకొని తిరుగుతవ్?" అని అడిగింది మొదటి రోజే.

ఆ మొదటి రోజు చెబుతాను. కరోనా రావడానికి ముందు సంవత్సరం. మా సంస్థకు నగరంలో వరద ముప్పు పటం తయారుచేసే పని వచ్చింది. నేను బడికి పోయే రోజుల్లో తాపీ నదికి పెద్ద వరద వచ్చింది. నది నిండి, ఖాడిలో నీళ్లు పోయే దారి లేక వెనక్కి తన్నాయి. అప్పుడు ఎక్కడెక్కడ ఎంత ఎత్తుకు నీరు వచ్చిందో పాత గుర్తులను పట్టి కొలవాలి. ఆ ఎత్తులను కంప్యూటర్‌లో ఉన్న నమూనాకిస్తే అది రేపటి వరదను లెక్కగట్టి పటం మీద రంగులేస్తుంది. పచ్చ, పసుపు, ఎరుపు. అధికారుల దగ్గర కొన్ని గుర్తులున్నాయి. జనం దగ్గర ఉన్న గుర్తులూ కలిపితే పటం బాగుంటుందని వాదించింది నేనే. మన జనం, మన భాష, నేనైతే అడగగలను అన్నాను.

ఆమె గడప దాటబోయి నుదురు బాదుకున్నాను. దర్వాజా పైకమ్మి అంత కిందికి ఉంది. ఆమె పగలబడి నవ్వి, లేచొచ్చి, కొంగు ముడతేసి నోటితో ఊది నా నుదుటికి అద్దింది. అంత దగ్గరగా నిలబడితే ఆమె గదవ, అంటే గడ్డం, నా చొక్కా జేబు మీదికి వచ్చింది. జేబులోని పెన్ను గదవకు గుచ్చుకుంటే దాన్ని పీకి నా చేతిలో పెట్టింది.

"వంగి రావాలె అల్లుడా. గొప్పోళ్ల ఇల్లు గిది" అంది. తర్వాత నా కాగితాలు చూసి, "నాకు ఆడపిల్ల లేదు. ఉన్నా నీకియ్యకపోదును. అన్ని రాసుకుంటవ్, ఏదీ యాదికుంచుకోనోని లెక్కున్నవ్" అంది.

ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు ఆ పైకమ్మికి కొట్టుకున్నాను. నా పత్రంలో ఇంటి బలహీనతలు రాసే గడిలో 'తలుపు ఎత్తు తక్కువ' అని రాసుకున్నాను కూడా. ఎందుకు తక్కువో రాయడానికి ఆ పత్రంలో గడి లేదు.

గీత లోపలి గోడ మీద ఉంది, తలుపు పక్కన. జాజుతో గీసిన ఎర్రటి అడ్డగీత. మన ఆడవాళ్లు పండగలకు గడపకు జాజు పూస్తారు కదా. ఆమె ప్రతి బతుకమ్మకూ గడప పూశాక, అదే గిన్నెలో మిగిలిన జాజుతో ఆ గీతనూ దిద్దేదట. ఎందుకంటే, ఆ రాత్రి ఆమె అక్కడే నిలబడింది. కొడుకును అటక మీదికి ఎక్కించి, సేఠ్ చీరల మూటను కొడుక్కంటే ముందే ఎక్కించి, తాను గోడకు ఆనుకుని నిలబడింది. మూట ముందెందుకు అని ఎవరైనా అడిగితే, "మూట తడిస్తె ఇద్దరం ఎట్ల బతుకుతం?" అనేది.

నీళ్లెంత వచ్చాయని అడిగితే నోటితో చెప్పేది కాదు. కుడి అరచెయ్యి బోర్లించి గదవ కింద ఆనించేది. తల కొద్దిగా ఎత్తేది. పెదాలు దగ్గరికి చేసి, నీళ్లు నోట్లోకి పోతాయన్నట్టు జాగ్రత్తగా అనేది:

"ఇగో, గీడిదాక."

సహాయం పంచడానికి వచ్చినవాళ్లకు, కాలేజీ పిల్లలకు, పత్రికలవాళ్లకు, నాకు, అందరికీ అదే చెయ్యి, అదే గదవ, అదే మాట. కరోనా వచ్చాక మాస్కును కూడా ఆమె గదవ కిందే వేసుకునేది. పైకి లాక్కోమంటే, "నీళ్లే గీడికొచ్చి ఆగినయి, రోగం ఆగదా?" అనేది.

నాకు ఆ గీత దొరకడం పండగలా ఉంది. ప్రతి ఏడూ దిద్దిన గుర్తు, ప్రత్యక్ష సాక్షి, చెరగని స్థానం. మూడూ నివేదికలో రాశాను. పరికరం పెట్టి, గీత సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో తీశాను. నేల నుంచి కొలవలేదు. నేల నమ్మదగింది కాదు, సముద్రమట్టం నుంచే కొలవాలని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. దగ్గర్లో ఉన్న అధికారిక గుర్తు రాయి కంటే ఆమె గీత జానెడు పైన తేలింది. మా సార్ అనుమానపడ్డారు. నేను వాదించాను. గుమాస్తా వేసిన రాయి కన్నా నీళ్లలో నిలబడ్డ మనిషి గీత గట్టిదన్నాను. సార్‌కు ఆ మాట నచ్చింది. గీత పక్కన ఆమె నిలబడి గదవ కింద చెయ్యి పెట్టుకున్న ఫొటో నివేదిక అట్ట మీదికెక్కింది. ఒక ప్రతి తీసుకెళ్లి ఆమెకిస్తే, "జర తెల్లగ జెయ్యకపోయిన్రు" అని, అయినా టీవీ పక్కన నిలబెట్టింది.

ఆ జానెడుకు పటం మీద ఆమె గల్లీ, పక్క రెండు గల్లీలు ఎర్రబడ్డాయి.

లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగాయి. మా వాళ్లలో సగం మంది ఊళ్లకు పోయారు, కొందరు తిరిగొచ్చారు. ఆ వానాకాలం ఖాడి మళ్లీ గల్లీలోకి వచ్చింది, ఈసారి మోకాళ్ల దాకా. నీళ్లు తీశాక ఒక రోజు ఆమె ఫోన్ చేసింది. ఎవరో మాస్కులు, చేతులకు తొడుగులు వేసుకుని వచ్చి తలుపుల మీద నంబర్లు వేసిపోయారని, ఎర్ర జాగాలో ఉన్నారు కాబట్టి ఖాళీ చెయ్యాలంటున్నారని, కడోదరా అవతల ఎక్కడో ఫ్లాట్లిస్తారంటున్నారని చెప్పింది. పటం వేసింది మీ వాళ్లేనట గదా అని అడిగింది. నిష్టూరం లేదు. మావాడు ఉన్నాడన్న ధీమాయే ఉంది ఆ గొంతులో.

"కడోదరాకు సేఠ్ మూట రాదు బిడ్డా. ఆటో కిరాయికే పోతది పైస. గీ గల్లీల ఆడోళ్లందరం గా మూటల మీదనే బతుకుతున్నం. జర ఆ రంగు సంగతి చూడు."

ఆంక్షలు సడలాక వెళ్లాను. బతుకమ్మ దగ్గర పడింది. నేను వెళ్లేసరికి గడపకు జాజు పూయడం అయిపోయింది. ఆమె గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. గదవ కింద చెయ్యి. కోడలు ఆ చేతి ఎత్తుకు వేలితో జాజు గుర్తు పెట్టింది. ఆమె పక్కకు జరిగి, ఆ గుర్తు నుంచి గీత గీయడం మొదలుపెట్టింది. కింద జానెడు దూరంలో నిరుటి గీత కనబడుతోంది, నేను కొలిచిన గీత.

"అత్తా, గీత పైకెందుకు పోయింది?"

"గీత పోలేదు. నేనే పైకొచ్చిన. చూస్తలేవా, గచ్చు పోసినం."

కొడుకు చెప్పాడు. మగ్గాలు బందున్నాయి, చేతులు ఖాళీగా ఉన్నాయి, వానకు నీళ్లొచ్చాయి కాబట్టి రాళ్లూ రప్పలూ తెచ్చి నేల నింపి గచ్చు పోశాడట. రోడ్డు వేసినప్పుడల్లా గల్లీ లేస్తుంది, ఇల్లు గుంటలో పడుతుంది, కాబట్టి ఇల్లూ లేపాలి. ఇది మూడోసారో నాలుగోసారో. గల్లీ అంతా ఇంతేనట.

ఆమె గీత పూర్తిచేసి, పాత గీత మీద సున్నం పూసింది. ఆమెకు అందులో ఏ చిక్కూ లేదు. నీళ్లు వచ్చింది గదవ దాకా. గదవ ఎక్కడుంటే గీత అక్కడుండాలి. నేల లేచినప్పుడల్లా, నిజం తప్పిపోకుండా, ఆమె గీతను తన ఒంటికి సరిచేసుకుంటూ వచ్చింది. ప్రతి ఏడూ దిద్దిన గుర్తు అని నేను మెచ్చుకుని రాసింది దీన్నే.

నుదురు తడుముకున్నాను. ఆ రోజు కొట్టుకోలేదు, అలవాటుగా వంగే వచ్చాను. పైకమ్మి కిందికి దిగదు కదా. నేల పైకి వస్తేనే దర్వాజా పొట్టిదవుతుంది. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, లింబాయత్‌లో పెరిగినవాణ్ణి, ఎన్నిసార్లు తలతో గుద్ది చూశాను దాన్ని.

బయటికొచ్చి ఆమెకు చెప్పాను. నేను కొలిచేనాటికే గీత పైకి జరిగి ఉంది కాబట్టే పటం ఎర్రబడిందని. ఆమె బంక ఒలుచుకుంటూ విన్నది.

"అంటే నా గీత తప్పంటవ్."

"గీత తప్పు కాదు అత్తా. నేల పెరిగింది. మేమది చూడలేదు."

"మీరు చూడలేదని మీరు చెప్తరా?"

"సార్‌ను అడగాలి."

"అడుగు."

అడిగాను. మా సార్ చెడ్డవాడు కాదు. నేను చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకున్నారు, అదే చిక్కైంది. ఒక ఇంట్లో నేల చూడలేదంటే మిగతా ఇళ్లలో చూశారా అంటారు. చూడలేదు. అప్పుడు పటమంతా అనుమానంలో పడుతుంది, రెండో దశ ఆగిపోతుంది, ఎక్కడెక్కడ నిజంగా ప్రమాదముందో అక్కడ కూడా ఎవరూ మన మాట వినరు. ఒక్క గీత సంగతిని ఒక్క గీతగానే సర్దుకుందాం, ఆమె అభ్యంతరం ఆమెనే చెప్పుకోనిద్దాం అన్నారు. అందులో ప్రతి ముక్కా విడిగా చూస్తే సబబుగానే ఉంది.

ఆమెకు ఫోన్ చేశాను. సార్ ఆలోచిస్తున్నారు అన్నాను. అవతల కాసేపు మగ్గాల చప్పుడు వినబడింది.

"సరె తియ్. నేనే చెప్త."

"ఏమని చెప్తవ్ అత్తా?"

"నీకెందుకు? నువ్వు నీ పట్టీ చూసుకో."

అభ్యంతరాలు వినే సమావేశం కరోనా కారణంగా వీడియోలో పెట్టారు. కమిటీ వాళ్లు వాళ్ల వాళ్ల ఇళ్లలోంచి, మేము ఆఫీసులోంచి. గల్లీ మొత్తానికి ఒకే ఫోను, ఆమె కొడుకుది. ఆమె వంతు వచ్చింది. చిన్న గడిలో ఆమె మొహం, గదవ కింద మాస్కు. పెదాలు కదులుతున్నాయి, చాలాసేపు చెప్పింది, ఏమీ వినబడలేదు. ఆంటీ, మైక్ అన్నారెవరో. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఏదో నొక్కింది. చెప్పిందంతా పోయింది కదా, ఈసారి రెండే ముక్కల్లో చెప్పింది.

"వో లైన్ మైనే డాలీ, సాబ్. ఝూఠీ లైన్ హై."

ఆ గీత నేనే గీశాను, అబద్ధపు గీత. పైసలు ఎక్కువొస్తాయని పైకి గీశాను. నీళ్లంత రాలేదు. నా అబద్ధానికి గల్లీని తీసెయ్యకండి. ఇంతే. కమిటీ పెద్దాయన, అంటే పెంచి చెప్పారన్నమాట అని మళ్లీ అడిగి నిర్ధారించుకున్నాడు. ఆమె తలూపింది. చెయ్యి ఒకసారి గదవ వైపు లేచి, మధ్యలో ఆగి, కిందికి దిగిపోయింది.

తర్వాత మా వంతు. నా దగ్గర ఒక బొమ్మ సిద్ధంగా ఉంది. ఆ ఇంటి నేలను నిలువుగా కోసినట్టు గీసిన బొమ్మ. ఒక గచ్చు మీద ఇంకొకటి, పైన మనిషి, ఆమె గదవ. రెండు రాత్రులు కూర్చుని గీశాను. తెర మూల సార్ నుంచి నాకొక్కడికే కనబడేలా ఒక ముక్క వచ్చింది. బొమ్మ అక్కర్లేదు, ఆమె చెప్పేసింది కదా అని. నేను మైక్ తెరిచి, నివాసి చెప్పినది మా పునఃపరిశీలనతో సరిపోతోంది అన్నాను. మైక్ మూశాను. ఆ వాక్యంలో కూడా తప్పేమీ లేదు.

మూడు గల్లీలనూ ఆ జాబితాలోంచి తీసేశారు. సవరించిన నివేదికలో మేము, నివాసి అతిశయోక్తి కారణంగా ఒక గుర్తును తొలగించడమైనది అని రాశాం. ఆ పంక్తి టైపు చేసింది నేను. అట్ట మీద ఫొటో కూడా మార్చారు. కొత్త అట్ట మీద నది ఉంది.

గల్లీ నిలబడింది. ఆమె మాట నిలబడలేదు. ఫోన్ చుట్టూ మూగి అందరూ విన్నారు కదా. గల్లీ మీదికి ముప్పు తెచ్చిందీ ఆమెనే, తప్పించిందీ ఆమెనే అని వెక్కిరించారట. కిరాణా కొట్లో బియ్యం తక్కువున్నాయని ఆమె పిడికిలి చూపిస్తే, నీ కొలతలు మాకెరుకే అని కొట్టాయన నవ్వాడట. అన్నిటికంటే, ఇన్నేళ్లూ ఆమె ఎన్నంటే అన్ని చీరలని రాసుకుపోయే మూటలాయన, ఇప్పుడు గడపలో మూట విప్పి ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాడు. ఇవన్నీ కోడలు చెప్పింది. ఆమె చెప్పలేదు.

చలికాలంలో ఒకసారి వెళ్లాను. ఏం మాట్లాడాలని వెళ్లానో గుర్తులేదు. మిఠాయి డబ్బా పట్టుకుపోయాను, అది మాత్రం గుర్తుంది, ఎందుకంటే ఆమె దాన్ని తెరవకుండా అటక మీద పెట్టించింది. గోడంతా సున్నం. గీత లేదు. టీవీ పక్కన పాత నివేదిక మాత్రం అలాగే ఉంది, ఆమె చెయ్యి గదవ కింద.

"గీత లేకుంటె గోడ మంచిగనే ఉన్నది" అంది.

ఆమె ఒక చీరకు ఒక వరుస రాళ్లు పూర్తిచేసింది.

"నీళ్లు నా గదవ దాక వచ్చినయి. గది అబద్ధం గాదు."

"నాకు తెలుసు అత్తా."

"నీకు తెలిస్తె ఏంది? రాసినవా?"

కోపంగా అనలేదు. కొట్టుకు పోయి ఉప్పు తెచ్చినవా అని అడిగినట్టు అడిగింది. జవాబు కోసం తలెత్తి చూడనూ లేదు, వేళ్లమీది బంక ఒలుచుకుంటోంది. కాసేపటికి టీ తాగుతావా అంది. తాగాను. లేచి పోతుంటే, వంగు వంగు అని వెనకనుంచి హెచ్చరించింది.

రెండో విడత కరోనాలో ఆమె పోయింది. ఆస్పత్రిలో మంచం దొరకడానికి కొడుకు తిరిగిన తిరుగుడు, దొరికాక లోపలికి ఎవర్నీ రానివ్వకపోవడం, ఆ రోజుల్లో అందరిళ్లలోనూ ఉన్న కథే. నాకు వాట్సాప్‌లో తెలిసింది. కొడుకు తన స్టేటస్‌లో ఆమె ఫొటో పెట్టాడు. వేరే ఫొటో లేనట్టుంది. మా నివేదిక అట్ట మీదిదే, కత్తిరించి పెట్టాడు. గీత పోయింది, చెయ్యి మిగిలింది.

ముసాయిదా వచ్చిన మధ్యాహ్నం ఆ వాక్యం పక్కన ఒక వ్యాఖ్య రాశాను. నివాసి అబద్ధం చెప్పలేదు, నేల పెరిగింది, మేము చూడలేదు, తప్పు సర్వేది, ఈ వాక్యం తీసేసి, గుర్తు కొలిచేటప్పుడు నేల ఎన్నిసార్లు పెంచారో అడగాలి అని పెట్టండి. కింద నా పేరు రాసి పంపాను. సాయంత్రం సార్ ఫోన్ చేశారు. ఒక్క వాక్యమే కదా అన్నారు. పైన ఆమోదమైపోయిందట. ఈ మార్గదర్శకాలు ఒక్క మన ఊరికే కాదు, చాలా ఊళ్లకు పోతాయి, గర్వపడు అన్నారు. మా పరిశోధన ప్రభుత్వ విధానంలోకి పోవాలని మేమందరం కోరుకున్నాం. పోయింది. ఇక మీదట ఏ ఊళ్లోనైనా ఏ ఆడమనిషైనా గదవ కింద చెయ్యి పెట్టుకుని గీడిదాక అంటే, సర్వేకు వచ్చిన కుర్రాడు ఆ వాక్యం చదువుకుని వచ్చి ఉంటాడు.

ఆదివారం లింబాయత్ వెళ్లాను. ఇంట్లో మేస్త్రీ ఉన్నాడు. నేల కింది మురుగు గొట్టం పగిలిందని, తలుపు పక్కన నేల తవ్వించారు. వెడల్పాటి గుంట. గుంట గోడలో పొరలు కనబడుతున్నాయి. పైన పలకలు, కింద రాళ్లూ రప్పలూ, ఒక గచ్చు, మళ్లీ రప్పలు, ఇంకో గచ్చు. నేను రెండు రాత్రులు కూర్చుని గీసిన బొమ్మే, ఎవరికీ చూపించనిది. అన్నిటికీ అడుగున ఎర్రటి పాత గచ్చు, అక్కడక్కడ నున్నగా అరిగి ఉంది.

కోడలు నన్ను చూసి కొంగు సర్దుకుంది. ఆమెకు వాక్యం సంగతి చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. చివరికి ఒకటే అడిగింది.

"అంటే అత్తమ్మ అబద్ధాలకోరని గవర్నమెంటు బుక్కుల పడ్డదా అన్నా?"

పేరు లేదన్నాను. పేరు లేకున్నా ఆమెనే గదా అంది. అవునన్నాను.

కాసేపు గుంట వైపు చూసింది. "గీత మళ్ల పెడ్తం అనుకున్నం. గని ఎవరి గదవకు కొలవాలె? నేను ఆమె కన్న పొడుగు. మీరు అన్ని రాసుకుంటరు గదా, అత్తమ్మ ఎంత ఎత్తుండెనో రాసుకున్నరా?"

లేదు. ఇంటి గోడలు దేనితో కట్టారో రాసుకున్నాను. కిటికీలు, కుటుంబ సభ్యులు, మగ్గాలు, తలుపు ఎత్తు. ఆమె ఎత్తు రాసుకోలేదు.

చెప్పులు విప్పి గుంటలోకి దిగాను. పాత గచ్చు మీద, ఆమె ఆ రాత్రి నిలబడ్డ చోట, గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. గచ్చు చల్లగా ఉంది. నుదుటికి కొంగు అద్దిన రోజు ఆమె గదవ నా జేబు మీదికి వచ్చింది, పెన్ను గుచ్చుకుంది. అరచెయ్యి బోర్లించి జేబు అంచుకు ఆనించాను. కోడలు పొయ్యి దగ్గరి బొగ్గు తెచ్చి, గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుని నా చేతి వెంట గీత గీసింది. నేను పక్కకు జరిగాను. ఆమె వెనక్కి వెళ్లి, మంచి నేల మీద నిలబడి చూసుకుంది. గీత ఆమె నడుము దాకా వచ్చింది.

"గింతేనా అంటరు అందరు" అంది.

అంటారు. గుంట నింపి పలకలు పరిచాక వచ్చినవాళ్లెవరైనా అదే అంటారు. నడుము దాకా నీళ్లకు ఇంత కథా అంటారు. అధికారుల రాయికి ఇప్పుడు ఈ గీత వేలెడు కూడా తేడా రాదు, నేను కొలవకుండానే చెప్పగలను. కొలిచినా ఏ లెక్కలోకీ తీసుకోరు. వేరే ఆధారం లేనిదే తీసుకోకూడదని నా చేతుల మీదుగానే అచ్చుకు పోయింది.

సర్వే గుర్తులు పెట్టే మార్కర్ నా సంచిలో ఉంది. గీత పక్కన, నేను గుంటలో ఉండగానే, రాశాను. ఇది ఆమె గదవ. ఆమె నిలబడ్డ నేల ఈ నేలకు మూరెడు కింద ఉంది. రాయాల్సింది ఇంకా ఏమైనా ఉందా అని ఆగాను. కింద నా పేరు కూడా రాశాను.

కోడలు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. చదివి, ఒకసారి టీవీ పక్కనున్న పాత నివేదిక వైపు చూసింది.

మేస్త్రీ రాళ్లూ రప్పల తట్ట ఎత్తుకుని గుంట అంచున నిలబడి ఉన్నాడు. నేను బయటికి వస్తే నింపుదామని చూస్తున్నాడు.